నల్ల పలక

వారమంతా నేను స్కూలు బస్సు నడుపుతాను,
ఫైఫ్ తీరం వెంట, పొగమంచులో, గొర్రెలకి దారి ఇచ్చుకుంటూ.
ముప్పై ఒక్కమంది పిల్లలు.
కదిలే ముందు ముప్పై ఒక్క బెల్టులూ టక్కుమనాలి,
ఒక్కటి తగ్గినా తాళం తిప్పను.
పిల్లలు నాకేం పేరు పెట్టారో కూడా తెలుసు.

అలాంటిదాన్ని
ఆదివారం పొద్దున వానలో మోకాళ్ళ మీద కూలబడి
ఎనిమిదేళ్ళ కూతుర్ని
బెల్టు లేని సీట్లో కూర్చోబెడుతున్నాను.

బెల్టేదీ అని మొదటిరోజే అడిగాను.
బళ్ళు తనిఖీ చేసే ముసలాయన టోర్క్విల్
చక్రం బోల్టు లాగి చూస్తూ, తలెత్తకుండానే అన్నాడు:
"తిరగబడిందనుకో, బండి దారి బండిది, పిల్ల దారి పిల్లది.
కట్టేస్తేనే ప్రమాదం."
అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది.
మింగుడు పడడానికి చలికాలమంతా.

బండి పాతది. డండీలో ఒకాయన అమ్మాడు.
వాళ్ళబ్బాయి పందాలు మానేసి ఫిడేలు పట్టాడట.
నేను బేరం మొదలెట్టకముందే ఆయనే ధర తగ్గించేశాడు,
స్టీరింగు మీద పదివేళ్ళు అరగదీసిన చోట
బొటనవేలితో ఒకసారి నిమిరి.
సీటు లోపల మేకుతో గీసిన పేరు: రూరి.
చెరిపేద్దామంటే మోర్వెన్ ఒప్పుకోలేదు.
"వాడికి మలుపులన్నీ తెలుసు కదా."

గొలుసు నూనె నా వంటింటి గట్టు మీదకి వచ్చింది,
ఉప్పు పక్కన.
వాన టైర్లు మెట్ల కింద పడుకున్నాయి.
పిల్ల తేలికైతే సీటుకి సీసం దిమ్మెలు బిగించాలట,
నాలుగు కిలోల సీసం!
ఇన్నేళ్ళు తినవే, తినవే అని బతిమాలిన జావని
ఇప్పుడు తానే రెండో గిన్నె అడుగుతోంది,
ఒక దిమ్మె తగ్గుతుందేమోనని.

వాళ్ళ నాన్న నడిసముద్రంలో గాలిమరల మీద ఉంటాడు.
సిగ్నల్ దొరికితే ఒకటే ప్రశ్న: "బ్రేకు చూశావా?"
చూశాను. మూడుసార్లు.
నాలుగోసారి, తను చూడకుండా.

కొత్త పిల్లలకి ఇక్కడ నల్ల పలక బిగిస్తారు,
మీద తెల్లటి అంకె.
ఆ పలక ఉన్నన్నాళ్ళు, ఎంత చురుకైనా సరే,
వరసలో చిట్టచివరే నిలబడాలి.
పదిహేడు. నేనే అంటించాను,
ఒకటి కాస్త వంకరపోయింది.
పలక పట్టిన మొదటిరోజు ఎవరి గీత తిన్నగా వచ్చింది గనక!

జెండా ఊగింది.
కందిరీగల తుట్టె కదిపినట్టు పద్నాలుగు బళ్ళు.
నీళ్ళ తెర వెనక నల్ల పలక
కనబడింది, కనబడలేదు.
కంచెకి ఇవతల నేను, చేతిలో చల్లారిన టీ,
నా కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కుతోంది
గడ్డిలోకి,
బురదలోకి.

మూడో మలుపులో గిర్రున తిరిగి అడ్డంగా ఆగిపోయింది.
నేను కంచె ఎక్కబోయాను.
భుజం మీద టోర్క్విల్ చెయ్యి.
"ఆగు. చెయ్యెత్తింది చూడు."
నిజమే. ఆగిపోతే చెయ్యెత్తాలి, వెనకొచ్చేవాళ్ళకి కనబడేలా.
ఆ వానలో, నిటారుగా, ఒక చిన్న గ్లవుజు,
జవాబు తెలిసిన పిల్ల క్లాసులో ఎత్తినట్టు.

పద్నాలుగింట్లో పద్నాలుగోది.
హెల్మెట్ తీయగానే అంది:
"అమ్మా, అక్కడ రూరి ఏం చేసేవాడో
వాళ్ళ నాన్నని అడుగుతావా?"

ఆ రాత్రి డండీకి ఫోన్ చేశాను.
వెనక ఎక్కడో ఫిడేలు తడబడుతుంటే
ఆయన ఆ ఒక్క మలుపు గురించి
అరగంట మాట్లాడాడు.

సోమవారం. అదే పొగమంచు. నా గోళ్ళలో నలుపు.
టక్, టక్, టక్. ముప్పై.
అద్దంలోకి చూశాను.
చివరి వరసలో కిటికీకి తల ఆనించి,
జుట్టంతా పెట్రోలు వాసనతో,
నిద్రపోతోంది.

సీట్లోంచి లేచి వెనక్కి నడిచి
ముప్పై ఒకటోది నేనే పెట్టాను.
బస్సంతా నవ్వింది.